సున్నం మాట వినని కణం

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. కొత్తగా కాపరానికొచ్చిన పిల్లకు కూడా మొదటి వారంలోనే ఆ మాటలోని నిజం తెలిసిపోతుంది. అయితే మన ఒంట్లో వున్న కోటానుకోట్ల జీవకణాలు కూడా ఇదే మాట అంటున్నాయనీ, ఉప్పొక్కటే కాదు, సున్నం, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం ఇవన్నీ కొలత ప్రకారం అమరితే తప్ప ఒక కణం రెండు కణాలు కాలేదనీ మనుషులకు తెలిసి నిండా నూట యాభై ఏళ్ళు కాలేదు. ఆ తెలియడం కూడా ఎవరో తపస్సు చేస్తే కాదు. లండన్‌లో ఒక ప్రయోగశాల సహాయకుడు బద్ధకించడం వల్ల!

నేను చదువుకున్నది తెలుగూ, చరిత్రా. సైన్సు పుస్తకంలో సమీకరణం కనిపిస్తే పేజీ తిప్పేసే రకాన్ని. కానీ ఈ కథలో సమీకరణాలు తక్కువ, మనుషులు ఎక్కువ. అందుకే ధైర్యం చేసి చెబుతున్నాను.

సిడ్నీ రింగర్ అని లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రిలో పేరున్న డాక్టరు. మందుల మీద ఆయన 1869లో రాసిన పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. ఒకపక్క ఆస్పత్రి, ఇంకోపక్క సొంత ప్రాక్టీసు. ఆ రెంటికీ మధ్య దొరికిన కాస్త వ్యవధిలో ప్రయోగశాలలోకి దూరి కప్ప గుండెల మీద పరీక్షలు చేసుకునేవాడు. పొయ్యిమీద పప్పు ఉడికేలోగా మనం రెండు పేజీలు చదువుకున్నట్టన్నమాట.

కప్ప గుండెను బయటికి తీసినా, సరైన ద్రవం అందిస్తూ వుంటే అది గంటల తరబడి కొట్టుకుంటూనే వుంటుంది. ఆ సరైన ద్రవం ఏమిటి? రక్తంలో వున్న అన్నింటిలోకీ గుండెకు తప్పనిసరి అయినవి ఏవి? 1882లో రింగర్ వెతికింది ఇదే. ఉప్పునీళ్ళలో కాస్త పొటాషియం అదీ చేర్చి చూస్తే గుండె హాయిగా కొట్టుకుంది. సంగతి తేలిందనుకుని వ్యాసం అచ్చు వేయించాడు. తీరా మళ్ళీ చేసి చూస్తే అదే ద్రవం, అలాంటి గుండే, కానీ కొద్దిసేపటికే నీరసించి ఆగిపోయింది.

ఏమిటా అని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ద్రవాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. మొదటి ప్రయోగాలప్పుడు కలిపింది కుళాయి నీళ్ళతో! చూడ్డానికి రెండూ తేటగానే వున్నాయి కదా, ఎందుకంత శ్రమ అనుకున్నాడట ఆ సహాయకుడు. ఈ ముచ్చట తర్వాతి తరం శాస్త్రజ్ఞులు చెప్పుకుంటూ వచ్చారు. ఆ కుళాయికి నీళ్ళిచ్చేది న్యూ రివర్ కంపెనీ. ఆ నీళ్ళలో సున్నం వుంది. గట్టినీళ్ళ ఊళ్ళో కాపురం చేసినవాళ్ళకు, నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి చెక్కు తెలుసు. అదీ సున్నం సంగతే. గుండెను నడిపించింది రింగర్ కొలిచి వేసినవి మాత్రమే కాదు, ఎవరూ వెయ్యకుండా నీళ్ళతోపాటు వచ్చి చేరిన కాల్షియం కూడా.

ఇక్కడ నాకు రింగర్ మీద గౌరవం కలుగుతుంది. అచ్చయిపోయిన వ్యాసం గురించి ఎవరడగబోయారు? కానీ ఆయన 1883లో మరో వ్యాసం రాసి, ముందు వాడింది కుళాయి నీరేననీ, ఫలితం దానివల్ల మారిందనీ పదిమందీ చదివే పత్రికలోనే చెప్పేశాడు. అక్కడితో వదల్లేదు. చేపల్ని డిస్టిల్డ్ వాటర్లో వేస్తే త్వరగా చచ్చిపోతున్నాయని గమనించాడు. 1890కల్లా కప్ప గుడ్ల మీదా, తోకకప్పల మీదా పరీక్షలు చేసి, గుండె కొట్టుకోవడానికే కాదు, పిండం ఎదగడానికీ పిల్ల పెరగడానికీ సున్నం కావాలని తేల్చాడు. పెరుగుదలకూ ఖనిజాలకూ వున్న ముడి ఇక్కడ మొదలైంది.

రింగర్ పేరు మనకు కొత్తేమీ కాదు. ఆస్పత్రిలో మంచం పక్కన వేలాడే ఆర్.ఎల్. సీసా చూశారుగా, అందులో 'ఆర్' ఆయనే. రింగర్ ద్రవానికి 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు లాక్టేట్ చేర్చాడు. అదే రింగర్ లాక్టేట్.

ఇరవయ్యో శతాబ్దం వచ్చాక శాస్త్రజ్ఞులకు ఇంకో ఆశ పుట్టింది. గుండె మొత్తం ఎందుకు, ఒక్కొక్క కణాన్నే గాజుపాత్రలో పెంచలేమా అని. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో అలెక్సిస్ కారెల్ 1912లో ఒక కోడిపిల్ల పిండం గుండెముక్కను పెంచడం మొదలుపెట్టాడు. ఆయన పోయిన తర్వాత కూడా, 1946 దాకా దాన్ని సాకారు. పత్రికలవాళ్ళు దాన్ని మరణం లేని గుండె అని ఊదరగొట్టారు. పోసే పోషక ద్రవంతోపాటు కొత్త కణాలు కూడా వచ్చి చేరేవేమోనని తర్వాతివాళ్ళకు అనుమానం. ఆ గొడవ మనకొద్దు.

మనకు కావలసింది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి. 1951 మొదట్లో అక్కడికి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ వచ్చింది. వర్జీనియా పొగాకు చేలల్లో పెరిగిన మనిషి, వయసు ముప్ఫై, అయిదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వారంలో కాన్సర్. వైద్యం చేస్తూనే గడ్డలోంచి చిన్న ముక్క తీసి, జార్జ్ గై అనే ఆయన ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడిగిందీ లేదు, చెప్పిందీ లేదు. అంతకుముందు తెచ్చిన ముక్కలన్నీ నాలుగు రోజులు బతికి చచ్చిపోయేవి గనక ఇదీ అంతేననుకున్నారు అక్కడివాళ్ళు. మేరీ కుబిచెక్ అనే సహాయకురాలు దాన్ని పరీక్షనాళికల్లో వేసి పైన పేరు రాసింది. ఇంటిపేరులో రెండక్షరాలు, సొంతపేరులో రెండక్షరాలు కలిసి 'హీలా'.

ఆ కణాలు చావలేదు. దాదాపు రోజుకోసారి రెట్టింపవుతూ పెరిగాయి. హెన్రియెట్టా మాత్రం ఆ ఏడాది అక్టోబరు 4న కన్నుమూసింది. ఆమె కణాలు ప్రపంచమంతా తిరిగాయి, పోలియో టీకాను పరీక్షించడానికి ఉపయోగపడ్డాయి. ఆ సంగతి ఆమె పిల్లలకు తెలిసింది 1970లలో! వాళ్ళ వారసులు ఒక పెద్ద కంపెనీ మీద వేసిన దావా 2023లో రాజీ అయింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఆడపిల్లలు తల్లి గురించి ఏమనుకుని వుంటారో నేను ఊహించబోతాను, ఊహ సాగదు.

ఇప్పుడు ఈ కణాలకు తిండేమిటన్నది ప్రశ్న. గై పోసింది కోడి రక్తంలోని ప్లాస్మా, దూడపిండం రసం, కాన్పుల గదిలోంచి తెచ్చిన బొడ్డుతాడు రక్తపు సీరమ్. మా అమ్మమ్మ పచ్చడి కొలతలాంటిది ఇది. బ్రహ్మాండంగా కుదురుతుంది, ఏది ఎంత పడిందో ఆవిడకే తెలియదు. అది తేల్చడానికి పూనుకున్నవాడు హ్యారీ ఈగిల్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసేవాడు. ఒక్కొక్క దినుసే తీసేస్తూ, ఏది లేకపోతే కణం పెరగదో చూసుకుంటూ పోయాడు. ఎంత ఓపిక కావాలో వంట చేసే మనకు వేరే చెప్పక్కర్లేదు. 1955లో పదమూడు ఎమినో ఆమ్లాలు తప్పనిసరి అని తేల్చాడు. 1956లో ఖనిజాల లెక్క తీశాడు. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, ఫాస్ఫేట్. ఈ ఆరింట్లో ఏ ఒక్కటి లేకపోయినా కణం పెరగదు. రింగర్ కప్ప గుండెకు చూసిన జాబితాకు ఇది సొంత చెల్లెలు కాదూ!

ఫాస్ఫేట్ పేరు వచ్చింది గనక ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఒంట్లో భాస్వరం ఎంత వుందో కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో తన గురువు ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ద్రవం నీలంగా మారుతుంది. ఎంత నీలమైతే అంత భాస్వరం. ఆ పద్ధతి చేతిలో వుండబట్టే కణాలకు శక్తినిచ్చే ఏటీపీని ఆయన 1929లో పట్టుకోగలిగారు. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఈనాటికీ తెలుసు.

ఈగిల్ దగ్గరికి వద్దాం. ఆయన జాబితా చూసి చాలామంది పెద్ద ఆశ పెట్టుకున్నారు. మామూలు కణానికి అక్కర్లేకుండా కాన్సర్ కణానికి మాత్రమే కావలసిన దినుసు ఒక్కటి దొరికితే చాలు, దాన్ని ఆపేస్తే జబ్బు మాడి చస్తుంది గదా! ఈగిల్ ఆరోగ్యమైన కణాలనూ, కాన్సర్ కణాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇద్దరి వంటా ఒకటే. జాబితాలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ చిన్న వాక్యం నాకెందుకంత ముఖ్యమయిందో చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం మా తోడికోడలికి సరిగ్గా హెన్రియెట్టాకు వచ్చిన జబ్బే అన్నారు. రేడియేషనూ, మందూ మొదలయ్యాయి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఒక పథ్యం చెప్పి వెళ్ళారు. ఉప్పు మానేస్తే గడ్డ కరిగిపోతుందని ఒకరు. పాలల్లో సున్నం వుంటుంది, అది గడ్డకు బలమని ఇంకొకరు. అందరూ ప్రేమకొద్దీ చెప్పినవాళ్ళే. నెల తిరిగేసరికి ఆ పిల్లకు మిగిలింది ఉప్పులేని గంజి. ఒకరోజు గిన్నె పక్కన పెట్టి, "అక్కా, నేను తినే ప్రతి ముద్దా దానికే పోతోందంటావా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకోసమే నేనీ పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. ఈగిల్ చెప్పినదాన్నిబట్టి చూస్తే గడ్డలోని కణం అడిగేదీ, దాని పక్కనే కొట్టుకుంటున్న గుండె అడిగేదీ ఒకటే ఉప్పు. తిండి ఆపేస్తే గడ్డ ఒక్కటే పస్తుండదు.

అయితే తేడా అసలు లేనేలేదా? వుంది. అది ఇంకో పదిహేనేళ్ళకు, 1971లో తెలిసింది. దానికి ముందు ఒక కోడి సంగతి చెప్పాలి. పేటన్ రౌస్ అనే ఆయన, కోడికి వచ్చే ఒకరకం కాన్సర్ వైరస్ వల్ల వస్తుందని 1911లో చూపించాడు. ఎవరూ పెద్దగా లెక్కచెయ్యలేదు. నోబెల్ బహుమానం ఇచ్చింది 1966లో, ఆయనకు ఎనభై ఏడేళ్ళు వచ్చాక! ఆ రౌస్ వైరస్‌ను కోడిపిల్ల కణాలకు ఎక్కించి, శామ్యూల్ బాక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సులువైన పరీక్ష పెట్టాడు. ఒక పాత్రలో మామూలు కణాలు, ఇంకొక పాత్రలో వైరస్ సోకి కాన్సర్ దారి పట్టినవి. రెండింటికీ పోసే ద్రవంలో కాల్షియం బాగా తగ్గించాడు. మామూలు కణాలు పెరగడం ఆపి ఊరుకున్నాయి. రెండో పాత్రలోవి ఏమీ పట్టనట్టు పెరుగుతూనే పోయాయి.

1978లో మెకీహన్, హామ్ అనే ఇద్దరు మనిషి కణాల మీద చేసి, కాల్షియంతోపాటు మెగ్నీషియంలో కూడా ఈ తేడా వుందని 'నేచర్' పత్రికలో రాశారు. మామూలు కణం రెండుగా చీలడానికి ఈ రెండూ ఎక్కువ కావాలి. దారి తప్పిన కణం తక్కువతో సరిపెట్టుకుంటుంది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. మా చుట్టాలు అనుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. సున్నం ఎక్కువ తిని బలిసే రాక్షసి కాదది. మిగతా కణాలన్నీ సరుకులు నిండుకున్నాయని పని ఆపుకుని కూర్చుంటే, ఆ కాస్తతోనే సంసారం చేసుకుపోయేది. ఇంట్లో పొయ్యి ఆర్పేస్తే శోషొచ్చి పడిపోయేది ఇంటివాళ్ళే, దూరిన దొంగ కాదు.

ఇక్కడే ఇంకో చిత్రం. 1980లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో హెన్నింగ్స్, యుస్పా మొదలైనవాళ్ళు ఎలుక చర్మ కణాలను తీసుకుంటే కథ అడ్డం తిరిగింది. ఆ కణాలు కాల్షియం తక్కువగా వున్నప్పుడే చకచకా పెరిగాయి. కాల్షియం పెంచగానే పెరగడం మాని ముదిరి, చర్మంలా పొరలు కట్టడానికి సిద్ధమయ్యాయి. మరి కాన్సర్ దారి పట్టిన చర్మ కణాలో? కాల్షియం పెంచినా వినకుండా పెరుగుతూనే వున్నాయి. ఒకచోట 'తక్కువ' అంటే ఆగాలి, ఇంకోచోట 'ఎక్కువ' అంటే ఆగాలి. రెండుచోట్లా ఆగనిది ఆ ఒక్కటే. ఇది చదివాక నాకనిపించింది, కణానికి సున్నం తిండి మాత్రమే కాదు, ఒక మాట కూడా. పెరుగు, ఇక చాలు అని చెప్పే పెద్దల మాట. తిండి విషయంలో కాన్సర్ కణానికీ మన కణానికీ పెద్ద తేడా లేదు. తేడా ఆ మాట వినడంలో వుంది.

సరే, గాజుపాత్రలో కాల్షియం తగ్గించడం తేలిక. ఒంట్లోనో? మన రక్తంలో నూరు మిల్లీలీటర్లకు తొమ్మిది పది మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది. మెడలో గోధుమగింజంత గ్రంథులు నాలుగున్నాయి, పారాథైరాయిడ్లు. వాటికి ఇరవైనాలుగ్గంటలూ అదే కాపలా. మనం పాలు మానేశామనుకోండి, రక్తంలో లెక్క తగ్గనివ్వకుండా ఎముకల్లోంచి తీసి భర్తీ చేస్తాయి. ఒంట్లోని కాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ వుంది మరి. పథ్యం చేసింది గడ్డను మాడ్చడానికి, అరిగింది వెన్నెముక! కొన్ని కాన్సర్లలో రక్తంలో కాల్షియం హద్దు మీరి పెరిగేమాట నిజమే. అది రక్తపరీక్షలో తేలుతుంది, అప్పుడేం చెయ్యాలో డాక్టరు చెబుతారు. ఇనుమూ అంతే. కణం రెండు కావాలంటే ఇనుము కావాలి, కాన్సర్ కణం దాన్ని ఎక్కువే లాక్కుంటుంది. అలాగని రక్తం తగ్గి పాలిపోయిన మనిషికి ఐరన్ మాత్ర ఇవ్వాలో మానాలో తేల్చవలసింది పరామర్శకొచ్చినవాళ్ళు కాదు గదా!

లోహంతోనే ఈ కణాన్ని ఆపిన కథ ఒకటుంది. అదీ రింగర్ కథలాగే నీళ్ళలోకి చెప్పకుండా వచ్చి చేరినదాని కథ. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు వుండేవాడు. కణం చీలేటప్పుడు లోపల కనబడే దారాల బొమ్మ చూస్తే ఆయనకు అయస్కాంతం చుట్టూ పరుచుకున్న ఇనుపరజను గుర్తొచ్చింది. కరెంటు పారిస్తే కణాల చీలిక ఏమవుతుందో చూద్దామని, బాక్టీరియా వున్న ద్రవంలో రెండు ప్లాటినం రేకులు ముంచి కరెంటు పెట్టాడు. ప్లాటినం ఎందుకంటే అది దేంతోనూ కలవదని నమ్మకం. బాక్టీరియా చీలడం మానేశాయి. పెరగడం మాత్రం మానక, సేమ్యాలాగా మూడొందల రెట్లు పొడుగు సాగాయి!

కరెంటు మహిమే అనుకున్నారు మొదట. తీరా చూస్తే కరెంటుకు ఏ పాపమూ తెలియదు. దేంతోనూ కలవదనుకున్న ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి ద్రవంలో చేరింది. చీలికను ఆపింది అది. 1965లో రోజెన్‌బర్గ్, ఆయనతో పనిచేసిన లొరెటా వాన్‌క్యాంప్ ఈ సంగతి అచ్చు వేశారు. 1969లో ఎలుకల్లో గడ్డలు కరుగుతున్నాయని రాశారు. అదే సిస్‌ప్లాటిన్. అమెరికాలో 1978లో మందుగా ఒప్పుకున్నారు. రింగర్ విషయంలో నీళ్ళలో అనుకోకుండా వున్న సున్నం గుండెను నడిపింది. ఇక్కడ నీళ్ళలో అనుకోకుండా పడ్డ ప్లాటినం చీలికను నిలిపింది. రెండుచోట్లా ఆ 'అనుకోకుండా'ను విడిచిపెట్టకుండా వెంటపడ్డ మనిషి ఒకడున్నాడు.

మా తోడికోడలికి రేడియేషన్‌తోపాటు వారానికోసారి ఎక్కించింది కూడా ఈ సిస్‌ప్లాటినే. ఆ మందుకు ఒక చెడ్డగుణం వుంది. మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుంది, ఒంట్లోని మెగ్నీషియం మూత్రంలో పోయేట్టు చేస్తుంది. అందుకని మందుకు ముందూ వెనకా సీసాలకు సీసాలు ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు. ఇప్పుడామె ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళ్ళొస్తోంది, ఇంటిపనీ తనే చేసుకుంటోంది. కానీ అప్పటికింకా మూడోవారమే. మంచానికి తగిలించిన కాగితం నన్ను చదవమంది. సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ అని వరసగా చదివాను.

"ఇవన్నీ ఏమిటక్కా?"

"ఉప్పులే."

సీసాలోంచి పడుతున్న చుక్కల్ని కాసేపు అలాగే చూసింది. "అయితే రేపు చారులో కాస్త ఉప్పెయ్యి" అంది.